ఆర్జియా అవ్వ వంటింట్లో చక్రం

లాక్‌డౌన్ ఎత్తేసిన ఆ జూన్‌లో ఇటలీలోని ఫెర్రారా ఊరి జనమంతా నెలల తరబడి పెరిగిన జుట్టుతో వీధుల్లోకి వచ్చారు. ఇంటింటికీ వెళ్ళి జుట్టు కత్తిరించే నీవెస్‌కి అంత గిరాకీ ఎప్పుడూ తగల్లేదు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముందు బుట్టలో కత్తెరల సంచీ, వెనక క్యారియరు మీద తల ఆరబెట్టే మిషనూ పెట్టుకుని, తన నల్ల సైకిలు మీద పొద్దున్నే బయల్దేరితే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే ఇల్లు చేరడం. ఆమె కోసం చూసేవాళ్ళలో ఎక్కువమంది గడప దాటలేని ముసలివాళ్ళు. వాళ్ళకి జుట్టు తెగడం ఎంత ముఖ్యమో, ఊరి కబుర్లు చెవిన పడటం అంతకంటే ముఖ్యం.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే, గుండ్రాళ్ళు పరిచిన పాత సందులో, అడ్డం వచ్చిన పిల్లిని తప్పించబోయి ముందు చక్రాన్ని గుంటలో దించేసింది. ఆమెకేమీ కాలేదు. పిల్లికీ ఏమీ కాలేదు. కత్తెరలు సందంతా పరుచుకున్నాయి. చక్రం మాత్రం నూనెలో వేసిన అప్పడంలా మెలి తిరిగింది. కొన్ని స్పోకు పుల్లలు తెగి గాల్లో వేలాడాయి.

ఇవానో సైకిలు కొట్టు దగ్గరికి మోసుకెళ్తే అక్కడ కాలు పెట్టే చోటు లేదు. బస్సెక్కడానికి భయపడి ఊరంతా అటకల మీదా నేలమాళిగల్లోనూ పడి ఉన్న సైకిళ్ళు బయటికి తీసింది. కప్పుకి వేలాడేవి కొన్ని, గోడకి ఆనించినవి కొన్ని, వీధిలో వరస కట్టినవి ఇంకొన్ని.

"ఎప్పటికిస్తావు?" అంది నీవెస్.

"ఆగస్టు పండగ దాటాక కనిపించక్కా."

"ఆగస్టా! ఒరేయ్ ఇవానో, నీ పెళ్ళినాడు నీ తల దువ్వింది నేను!"

"అప్పుడు జుట్టుండేదక్కా. ఇప్పుడు జుట్టూ లేదు, తీరికా లేదు."

"పోనీ కొత్త చక్రం అమ్ము."

"ఎక్కణ్ణించి తేను? ఫ్యాక్టరీవాళ్ళు ఫోనే ఎత్తడం లేదు."

మొగుడు ఎలియో సైకిలన్నా వాడుకుందామంటే, దాన్ని చలికాలంలోనే ఎవరో ఎత్తుకుపోయారు. ఇక నడకే. సంచీ ఒక భుజానికి, మిషను ఇంకో భుజానికి వేసుకుని ఎండలో తిరిగితే, రోజుకి ఆరిళ్ళు చుట్టే మనిషి మూడిళ్ళకే చతికిలబడేది. ఒక పెద్దాయన పొద్దున్నే మెడకి తువ్వాలు కట్టుకుని, సాయంత్రం దాకా అలాగే కుర్చీలో కూచున్నాడని తెలిసి ఆమెకి ప్రాణం ఉసూరుమంది.

రోజూ ఇవానో కొట్టు మీదుగా వెళ్ళి అడగడం మొదలుపెట్టింది. బయట బెంచీ మీద అలా అడగడానికి వచ్చినవాళ్ళే ఇంకా కొందరుండేవారు. కాఫీలు తెచ్చుకుని తాగుతూ, లోపలున్న తమ సైకిళ్ళని ఆస్పత్రిలో చుట్టాల్ని చూసినట్టు చూసేవారు.

ఒకరోజు ఇవానోకి విసుగొచ్చింది. "అక్కా, నీకు జవాబు చెప్పే టైముకి నేనో బ్రేకు బిగించేవాణ్ణి. అంత తొందరైతే నువ్వే చేసుకో. చేతులున్నాయిగా!"

వేళాకోళానికే అన్నాడు. నీవెస్ మాత్రం చెయ్యి చాపింది. "పుల్లలివ్వు. బిగించే ఆ చిన్న చావీ కూడా ఇవ్వు."

ఇవానో నవ్వుతూ ఇచ్చాడు. బెంచీ మీదవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇంట్లో సైకిలు తలకిందులు చేసి నిలబెట్టి, తెగిన పుల్లల చోట కొత్తవి దూర్చింది. ఉల్లిపాయలు వేయిస్తున్న ఎలియో ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో చూపించాడు. అందులో కుర్రాడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. "ఆపు, ఆపు, వెనక్కి తిప్పు" అంటూ నీవెస్ కనబడిన పుల్లనల్లా బలం కొద్దీ బిగించింది. చివరికి ఎలియో చక్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"సైకిలుకి పనికిరాదు గానీ, ఎండలో టోపీలా పెట్టుకోవచ్చు" అన్నాడు.

"ఉల్లిపాయ మాడుతోంది, చూసుకో" అంది నీవెస్.

మర్నాడు ఆర్జియా అవ్వ ఇంటికి చెమటలు కక్కుకుంటూ, బాగా ఆలస్యంగా చేరింది. ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ పక్కన నేల అంతస్తులో ఒంటరిగా ఉంటుంది అవ్వ. తొంభైకి దగ్గరపడింది. వేళ్ళు కీళ్ళవాతంతో ముడుచుకుపోయినా నోరు మాత్రం పదునుగా ఉంది.

"ఏమే, పాక్కుంటూ వచ్చావా?"

జుట్టు తడిపి కత్తిరిస్తూ నీవెస్ మొత్తం కథ చెప్పింది. పుల్లలన్నీ బలం కొద్దీ బిగించానని చెప్పేసరికి అవ్వ నవ్వాపుకోలేకపోయింది. కత్తెర పక్కకి తీయాల్సొచ్చింది.

"అన్నీ బిగిస్తే అది చక్రమవుతుందిటే? ఒకటి బిగించాలి, దాని ఎదుటిది వదలాలి. పెళ్ళి కాకముందు మా నాన్న సైకిలు కొట్లో చక్రాలన్నీ నేనే అల్లేదాన్ని."

నీవెస్ చెయ్యి ఆగిపోయింది. "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదేం అవ్వా?"

"ఎప్పుడు చెప్పను? వచ్చిన దగ్గర్నించీ నువ్వే మాట్లాడతావు. నేను తల వంచుకుని కూచుంటాను. వెళ్ళు, సైకిలు తీసుకురా."

"జుట్టు సగమే అయింది."

"సగం జుట్టు ఎక్కడికీ పారిపోదులే. వెళ్ళు!"

ముందు చక్రం తిరగదు కాబట్టి, సైకిలుని వెనక చక్రం మీద గుర్రంలా లేపి నడిపించుకొచ్చింది నీవెస్. "దానికి కూడా జుట్టు కత్తిరిస్తావా?" అని కాఫీ హోటలు ముందు కూచున్నవాళ్ళు కేకలేశారు. "మీకంటే బుద్ధిగా కూచుంటుంది" అని అరిచింది.

వంటింట్లో పాత పేపర్లు పరిచి సైకిలు తలకిందులుగా పెట్టారు. ఒకవైపు కురచగా, ఒకవైపు భుజం దాకా వేలాడే తెల్లజుట్టుతో అవ్వ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ముడుచుకున్న వేలి కణుపుతో ఒక్కో పుల్లనీ మీటింది. కొన్ని ఖంగుమన్నాయి. కొన్ని మూగగా ఉన్నాయి.

"ఇది గొంతు చించుకుంటోంది, దీన్ని వదులు చెయ్యి. ఇది నిద్రపోతోంది, లేపు. నీ జుట్టు క్లిప్పు ఒకటి ఇక్కడ తగిలించు, రిమ్ము దగ్గరగా. ఇప్పుడు తిప్పు."

తిప్పితే వంకర ఉన్న చోటల్లా రిమ్ము క్లిప్పుకి టక్కున తగిలింది. తగిలిన చోట అటుపక్క పుల్ల బిగించడం, ఇటుపక్కది వదలడం, మళ్ళీ తిప్పడం.

"పావు తిప్పమన్నాను. కుళాయి కట్టేస్తున్నావా ఏం? వెనక్కి రా."

"వచ్చాను అవ్వా."

"ఆఁ. ఇంకో చిటికెడు."

టక్కు టక్కులు తగ్గుతూ వచ్చాయి. నీవెస్ వేళ్ళకి మెల్లగా సంగతి అందసాగింది. ఎంత తిప్పితే ఎంత జరుగుతుందో అవ్వ చెప్పకముందే తెలుస్తోంది. ఒకసారి అవ్వ నోరు తెరవబోయి ఊరుకుంది, ఎందుకంటే నీవెస్ అప్పటికే ఆ పుల్ల పట్టుకుంది. చివరికి చక్రం తిప్పితే ఏ చప్పుడూ రాలేదు. ఇద్దరూ ఇంకోసారి తిప్పారు. లేదు. గాలి మాత్రం సన్నగా వీచింది.

"వచ్చిందవ్వా!" అంటూ నీవెస్ ఆవిడ బుగ్గల మీద ముద్దులు పెట్టేసింది.

"నన్నొకసారి తిప్పనీ" అంది అవ్వ. అరచేతి అంచుతో టైరుని తోసి, చక్రం దానంతటది ఆగేదాకా కళ్ళార్పకుండా చూసింది. "పెళ్ళయ్యాక మళ్ళీ ఎవరూ అడగలేదే" అని నవ్వింది. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చింది.

మిగిలిన సగం జుట్టు కత్తిరించడం పూర్తయ్యాక చూస్తే, చెవి పైన తెల్లజుట్టులో నల్లటి గ్రీజు వేలిముద్ర. నీవెస్ కంగారుగా సబ్బు కోసం లేచింది. అవ్వ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని ఆపేసింది.

"ఉండనీ. వచ్చినవాళ్ళు అదేంటని అడుగుతారు. అప్పుడు చెప్తాను."

సాయంత్రం నీవెస్ ఆ సైకిలు మీదే ఇవానో కొట్టుకి వెళ్ళింది. ఇవానో ముందు చక్రం ఎత్తి తిప్పాడు. వంగి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"ఏ కొట్లో చేయించావక్కా? నిజం చెప్పు."

"ఆర్జియా అవ్వ చెవి, నా చేతులు."

"ఆ అవ్వని నాకివ్వు" అన్నాడు ఇవానో.

అవ్వ కొట్టుకి రానంది. వాళ్ళే రావాలంది. దాంతో శనివారాలు ఇవానో తన వంకర చక్రాలు కొన్ని తెచ్చి అవ్వ వాకిట్లో దించేవాడు. బెంచీ మీద కాఫీలు తాగుతూ ఎదురుచూసేవాళ్ళు సైకిళ్ళతో సహా అక్కడికే చేరారు. నీవెస్ పుల్లలు బిగించేది, మిగతావాళ్ళు ట్యూబులు నీళ్ళ బకెట్లో ముంచి బుడగలు వెతికేవారు. ఎలియో ఖర్బూజా ముక్కల మీద పంది మాంసం పల్చటి పొరలు చుట్టి పళ్ళెంలో తెచ్చేవాడు. పంక్చరు వేయడం అతనూ నేర్చుకున్నాడు. మొదటిసారి వేసినప్పుడు టైరు ఎక్కిస్తూ పానాతో ట్యూబుకి ఇంకో చిల్లి పెట్టాడు. "నీ వంటే నయం" అని అవ్వ అన్న మాటకి వాకిలంతా గొల్లుమంది. రెండోసారి మాత్రం గాలి నిలిచింది. ఆ రాత్రి భోజనాల దగ్గర దాని గురించి తప్ప వేరే మాట లేదు.

శరదృతువులో ఒక పొద్దున నీవెస్ పో అనే నది కట్ట మీద వెళ్తుండగా చైను తెగింది. కిందకి దిగి, పోప్లార్ చెట్ల నీడలో సైకిలు బోర్లించి, సంచీలోంచి పనిముట్లు తీసింది. చైను ఎలా అతకాలో శనివారాల్లో రెండుమూడుసార్లు చూసింది గానీ చెయ్యి పెట్టలేదు. చైను లింకుల్ని కలిపే చిన్న మేకు ఒకసారి గడ్డిలో పడింది. మోకాళ్ళ మీద వెతికి పట్టుకుంది. చైను మళ్ళీ పళ్ళ మీద కూర్చున్నాక పెడలుని చేత్తో తిప్పి, అవసరం లేకపోయినా ఇంకా చాలాసేపు అలా తిప్పుతూనే ఉంది. కింద నది నిండుగా పోతోంది.

ఆ రోజు జుట్టు కత్తిరించాల్సిన ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. "ఇంత ఆలస్యమేం?" అంది తలుపు తీసిన ఇల్లాలు.

"చైను తెగింది. అతుక్కున్నాను" అంది నీవెస్, నల్లటి రెండు చేతులూ ఎత్తి చూపిస్తూ. "ముందు సబ్బివ్వు. తర్వాత కూచో, అంతా వివరంగా చెప్తాను."