రాణిగారి పలక

అపార్ట్‌మెంట్లో అందరూ ఆయన్ని సబ్‌టైటిల్స్ అంకుల్ అంటారు. ఎదుటపడితే మర్యాదగా పలకరించి, ఆయన లిఫ్ట్ ఎక్కాక అనుకునే పేరది. మనిషి చూస్తే నోట్లో నాలుక లేనివాడు. చేసే పనేమో రోజంతా పరాయివాళ్ల మాటల్ని అక్షరాల్లో పెట్టడం. చెవులు వినిపించని పిల్లల కోసం ఒక సంస్థ పాఠాల వీడియోలు తయారు చేస్తుంది. తెర మీద టీచరమ్మ పలికే ప్రతి మాటా తెర అడుగున అక్షరాలై నడవాలి. ఆ అక్షరాలు వేసేది ఈయనే. వీడియో లాప్‌టాప్‌లోకి దించుకోవడం, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకోవడం, విన్నది విన్నట్టు కొట్టడం, మళ్లీ సంస్థకు పంపడం. ఏళ్ల తరబడి ఇదే పని. ఆయన అక్షరాలు చదివిన పిల్లల్లో ఒక్కరినైనా ఆయన కళ్లారా చూసింది లేదు.

“మీరు మాట్లాడేది పక్కనున్న నాకే వినపడి చావదు. ముందు మీకు వేయించాలి కింద అక్షరాలు” అనేది భార్య.

ఆవిడ ఇద్దరి వంతూ తానే మాట్లాడేసేది. దుకాణంలో ఏదైనా బేరం చేస్తూ, “ఏమండీ, అవునా కాదా?” అని ఈయన వైపు తిరిగి, జవాబు కోసం ఆగకుండా “చూశారా, ఆయనా అవుననే అంటున్నారు” అని దుకాణదారుకు తేల్చి చెప్పేది. ఈయన తల ఊపేవాడు. ఇన్నేళ్ల కాపురంలో తల ఊపడం తప్ప ఆయన చేసిన వాదన లేదు.

కిందటి వానాకాలంలో ఆవిడ కన్నుమూసింది. పిల్లలు లేరు. చుట్టాలు వచ్చారు, ఓదార్చారు, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. అంత మాట్లాడే మనిషి ఉన్నట్టుండి ఆగిపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆయనైతే హెడ్‌ఫోన్స్ తీయడం మానేశాడు. అన్నం తింటూ అయస్కాంతాల గురించి వినేవాడు, గిన్నెలు కడుగుతూ వానపాముల గురించి వినేవాడు. చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. తనతో కాకపోయినా సరే.

అలా రోజులు నెట్టుకొస్తుంటే వీధిలో పైపుల కోసం తవ్వినవాళ్లు ఇంటర్నెట్ తీగను తెంపి పారేశారు. అతికించాల్సినవాళ్లు రేపూ మాపూ అంటూ కాలక్షేపం చేస్తున్నారు. పోనీ ఫోన్ ఉంది కదా, అందులో హాట్‌స్పాట్ పెట్టుకుంటే లాప్‌టాప్‌కు నెట్ వస్తుంది కదా అని ఆయన ధీమాగా కూర్చున్నాడు. హాట్‌స్పాట్ నొక్కాడు. లాప్‌టాప్‌లో ఫోన్ పేరు కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టాడు. చిన్న చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి, కనెక్ట్ కావడం కుదరలేదంది లాప్‌టాప్. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట.

ఫోన్ ఆపి పెట్టాడు. లాప్‌టాప్ ఆపి పెట్టాడు. పాస్‌వర్డ్ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కొట్టాడు. ఫోన్‌ను లాప్‌టాప్ పక్కన, పైన, చివరికి ఒళ్లో కూడా పెట్టి చూశాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ నెట్ రాలేదు. మర్నాడూ అదే తంతు.

ఆ సాయంత్రం సంస్థలో పాఠాలు చూసే మేడమ్ ఫోన్ చేసింది.

“సార్, మీ పాఠం ఇంకా రాలేదు. రేపు సాయంత్రంలోపు రాకపోతే ఈ పనంతా మెషిన్‌కు ఇచ్చేద్దామంటున్నారు మావాళ్లు. మీ తరఫున నేను ఆపుతున్నాను, కానీ ఎన్నాళ్లు ఆపగలను చెప్పండి?”

“వస్తుందమ్మా. రేపు వచ్చేస్తుంది” అన్నాడాయన. ఆవిడకు వినపడిందో లేదో.

ఫోన్ పెట్టేశాక ఆయనకు నిజంగా భయం వేసింది. జీతం గురించి కాదు, ఆయన అవసరాలు ఎంతని! ఈ పని పోతే చెవిలో గొంతులు పోతాయి. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, ఈ ఇంట్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా కూర్చోవాలి. అది తన వల్ల కాదని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో వేసుకుని మార్కెట్ సందులోని రిపేరు షాపుకు వెళ్లాడు. షాపు నడిపేది ఒకావిడ. చేతిలో స్క్రూడ్రైవరు, ముక్కు మీద కోపం. అయినా పని తెలిసిన మనిషి. ఆయన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టింది, ఆయన లాప్‌టాప్‌లో నొక్కింది. రెప్పపాటులో కనెక్ట్ అయిపోయింది.

“ఎవరు చెప్పారు బాబాయ్ గారూ ఇది పనిచేయట్లేదని? మీ ఫోనే, మీ లాప్‌టాపే. నిక్షేపంలా ఉన్నాయి.”

ఆయన ముఖం చిన్నబోయింది. ఇక్కడే పాఠం పంపేద్దామంటే, పూర్తిచేసిన ఫైలు ఇంట్లో వేరే డిస్కులో ఉండిపోయింది. సరే, ఎలాగూ బాగైంది కదా అని గంపెడాశతో ఇంటికి పరుగెత్తాడు. ఇంట్లో నొక్కితే చుక్కలు తిరిగి తిరిగి, కనెక్ట్ కావడం కుదరలేదంది.

మళ్లీ షాపుకు పోయాడు. డిస్కు జేబులో వేసుకోవాలన్న ఆలోచన కంగారులో ఆయనకు తట్టనే లేదు. అక్కడ మళ్లీ రెప్పపాటులో కనెక్ట్ అయింది. షాపావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని లాప్‌టాప్‌ను ఎగాదిగా చూసింది.

“దీనికి మీ ఇల్లంటే పడట్లేదు బాబాయ్. ఇంట్లో ఏమన్నా తిట్టారా దీన్ని?”

ఆయన నవ్వాడు. నవ్వి చాలా రోజులైందని ఆ నవ్వు బయటికొచ్చిన తీరులోనే తెలిసిపోయింది. ఆవిడ అది గమనించిందో ఏమో, స్టూలు ఆయన వైపు జరిపి, ఇంకెవరిదో లాప్‌టాప్ విప్పి లోపలి దుమ్ము బ్రష్షుతో దులుపుతూ కూర్చుంది. ఆయన చూస్తూ ఉండిపోయాడు. పక్కన ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే ఊరికే కూర్చోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆయన మరిచేపోయాడు. లేవబుద్ధి కాలేదు.

“ఇంకేమన్నా పనుందా బాబాయ్?” అంది కాసేపటికి, స్క్రూలు బిగిస్తూనే.

“లేదమ్మా” అని లేచాడు.

“ఇంటికి పోయి, లాప్‌టాప్ ముందు కూర్చుని నాకు ఫోన్ కొట్టండి. అక్కడ ఏమవుతోందో నేను చెప్పినట్టు చూద్దాం.”

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. షాపావిడ గొంతు గదిలో గట్టిగా మోగింది. ఇంట్లో ఇంకో మనిషి గొంతు అలా మోగేసరికి ఆయన ఒక్క క్షణం ఆమె చెప్పేది వినడం మానేసి, ఆ మోతనే విన్నాడు.

“బాబాయ్, ఉన్నారా? హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి పొమ్మన్నాను.”

“ఆఁ, వెళ్లానమ్మా.”

“అక్కడ ఏం కనిపిస్తోందో పైనుంచి చదవండి.”

ఆయన చదివాడు. చదవడం ఆయనకు అలవాటైన పనే. పేరు, పాస్‌వర్డ్ దాటి, ఒక వరుస దగ్గర ఆగాడు. “కనెక్ట్ అయి ఉన్నవారు, ఒకరు.”

“అదేంటి? లాప్‌టాప్ కనెక్ట్ అయిందా?”

“లేదమ్మా. కాలేదు.”

“మరి ఆ ఒకరు ఎవరు? ఇంట్లో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా. నేనొక్కడినే.”

“ఎవరో ఉన్నారు బాబాయ్. మీకంటే ముందు దూరి కూర్చున్నారు. కిందకి చూడండి, గరిష్ఠం ఎంతమంది అని ఉంటుంది.”

“ఒకటి అని ఉంది.”

“అదీ సంగతి!” ఆవిడ గొంతులో పట్టలేని సంతోషం. “ఒక్కరికి మించి రానివ్వొద్దని ఎవరో పెట్టారు. ఆ ఒక్కరూ లోపలే ఉన్నారు. ఇక లాప్‌టాప్‌ను ఎలా రానిస్తుంది? నా షాపులో ఆ మనిషి లేరు కాబట్టి వచ్చింది. ఆ ఒకరు అన్నదాని మీద నొక్కండి, పేరు చూపిస్తుంది.”

ఆయన నొక్కాడు. రాణిగారి పలక అని ఉంది.

ఆయన ఫోన్‌ను దగ్గరికి తీసుకుని ఆ పేరు మళ్లీ చదివాడు.

ఆసుపత్రిలో పడుకున్న రోజుల్లో పొద్దు పోవడం లేదని భార్య గొడవ చేస్తే ఒక చిన్న టాబ్లెట్ కొనిచ్చాడు. అది చేతికి రాగానే ఆవిడ దానికి పలక అని పేరు పెట్టింది. తనకు తాను రాణి హోదా ఇచ్చుకుని, ఆ పేరే అందులో కొట్టింది. ఆయన ఫోన్ తీసుకుని హాట్‌స్పాట్ పెట్టుకుంది. వార్డులో పక్క మంచాలవాళ్లు ఈయన మెతకదనం కనిపెట్టి కొంచెం నెట్ ఇవ్వండి, కొంచెం నెట్ ఇవ్వండి అని అడగడం, ఈయన తల ఊపడం చూసి ఆవిడకు ఒళ్లు మండింది. ఫోన్ లాక్కుని ఏదో నొక్కి, “అయిపోయింది. ఇక ఈ ఫోన్‌లోంచి నా ఒక్కదానికే. ఎవరికి తల ఊపినా రాదు” అంది.

ఆ పలకలో ఆవిడ చూసింది సినిమాలు కాదు. ఆయన అక్షరాలు వేసిన పాఠాలు. కొత్త పాఠం రాగానే చెప్పమని అందులో ఏర్పాటు కూడా చేసుకుంది. పక్కవాళ్లకు ఇబ్బందని శబ్దం పూర్తిగా తీసేసి, కేవలం అక్షరాలు చదువుతూ చూసేది. ఆయన్ని చదివినవాళ్లలో ఆయనకు తెలిసిన మనిషి ఆవిడొక్కతే. శబ్దం లేకుండా చూస్తుంది కాబట్టి, ఆయన చెవులకు దొరకని తప్పులు ఆవిడ కళ్లకు దొరికేవి. “చూడండి, టీచరమ్మ వేలు వేరు మీదికి వెళ్లిపోయింది, మీ అక్షరాలు ఇంకా కాండం దగ్గరే నిలబడ్డాయి. అక్షరాలు కూడా మీలాగే, ఎక్కడికైనా ఆలస్యమే” అని ఆ జబ్బులోనూ ముసిముసిగా నవ్వేది.

ఆసుపత్రి సంచితోపాటు పలక ఇంటికొచ్చింది. ఆవిడ రాలేదు. అప్పట్నుంచి రోజూ పడుకునే ముందు దాన్ని చార్జింగ్‌లో పెడుతున్నాడు, వార్డులో పెట్టినట్టే. అట్ట మాత్రం తెరవలేదు. తెరిచే ధైర్యం లేదు, ఆరిపోనిచ్చే ధైర్యం అంతకన్నా లేదు. పడగ్గదిలో ఆవిడ దిండు పక్కన అది అలా ఉంది. ఇన్నాళ్లకు ఈ ఫోన్‌లో హాట్‌స్పాట్ కనపడగానే తన చోటులోకి తాను వచ్చి కూర్చుంది.

“బాబాయ్, లైన్లో ఉన్నారా? ఎవరు అది?”

“మా ఆవిడదమ్మా. టాబ్లెట్.”

“అబ్బ, అంతేనా! పేరు పక్కన తొలగించు అని ఉంటుంది, నొక్కేయండి. ఆవిడకు తర్వాత చెప్పుకోవచ్చు.”

ఆయన వేలు ఆ మాట మీదికి వెళ్లి ఆగిపోయింది. ఆ వార్డులో ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టాడో, ఎన్నింటికి తల ఊపాడో. ఇది మాత్రం తన వల్ల కాదు.

“నొక్కలేనమ్మా” అన్నాడు. “ఆవిడ లేదు. పోయింది. అది తీయకుండా వేరే దారి ఉందా?”

అవతల స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఈసారి షాపావిడ గొంతులో ఆ దూకుడు లేదు.

“ఉంది బాబాయ్ గారూ. ఏదీ తీయొద్దు. గరిష్ఠం అన్నచోట ఒకటి ఉంది కదా, దాన్ని రెండు చేయండి. ఇద్దరూ ఉంటారు.”

వినడానికి ఎంత తేలికగా ఉంది! కానీ ఆ ఒకటి పెట్టింది ఆవిడ. నా ఒక్కదానికే అని మంచం మీద నుంచి శాసించి మరీ పెట్టింది. ఆవిడ మాట ఆయన ఇంతవరకు మార్చి ఎరగడు. వార్డులో కూర్చోవడానికి కుర్చీ దొరకనప్పుడు ఆయన మంచం అంచున నిలబడి, “కాస్త జరుగు” అనేవాడు. ఆవిడ మూలుగుతూనే జరిగి, పక్కన ఇంత చోటు చేసేది.

“కాస్త జరుగు” అన్నాడు ఆయన.

“ఏంటి బాబాయ్?”

“నీతో కాదమ్మా” అని, రెండు నొక్కాడు.

లాప్‌టాప్‌లో చుక్కలు ఒక చుట్టు తిరిగాయి. కనెక్ట్ అయింది. షాపావిడకు చెబితే ఆమె బాగుందంది. ఎప్పుడైనా అటు వస్తే షాపు దగ్గర కూర్చుని వెళ్లమంది. ఫోన్ పెట్టేసింది. గది మళ్లీ ఎప్పటిలా అయిపోయింది.

ఆయన పాఠం పంపాడు. నీటి ఆవిరి మీద పాఠం. ఫైలు చేరిన కాసేపటికి దానంతటదే సంస్థ పేజీలోకి ఎక్కుతుంది. మేడమ్‌కు ఒక మెసేజ్ పెట్టి, లేచి పడగ్గదిలోకి వెళ్లాడు. మంచం మీద కూర్చుని పలక అట్ట తెరిచాడు.

తెర వెలుగుతోంది. శబ్దం తీసేసి ఉంది కాబట్టి, నెట్ దొరికిన ఈ రెండు మూడు రోజుల్లో అవి వచ్చిపడుతున్నా ఆయనకు వినపడలేదు. పైనుంచి కిందిదాకా ఒకటే వరుస. కొత్త పాఠం వచ్చింది, అయస్కాంతాలు. కొత్త పాఠం వచ్చింది, వానపాము. ఆవిడ పోయాక ఆయన చేసిన పాఠాలన్నీ అక్కడే ఉన్నాయి, ఎవరూ తెరవకుండా. ఆయన చూస్తుండగానే అన్నిటికంటే పైన ఇంకోటి వచ్చి చేరింది. కొత్త పాఠం వచ్చింది, నీటి ఆవిరి.

దాన్ని తెరిచాడు. శబ్దం పెట్టలేదు. తన అక్షరాలను అలా చూడడం ఆయనకు ఇదే మొదటిసారి. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి, కింద ఆయన అక్షరాలు నడుస్తున్నాయి. మధ్యలో ఆమె వేలు గిన్నె మీద నుంచి మబ్బు బొమ్మ మీదికి వెళ్లింది. అక్షరాలు ఇంకా గిన్నె దగ్గరే ఉన్నాయి.

“దొరికింది” అన్నాడు ఆయన, పక్క దిండు వైపు తిరిగి. కాస్త గట్టిగానే అన్నాడు.

ఆలస్యమేనని వెక్కిరించేవాళ్లు ఎవరూ లేరు. ఆయన కళ్లు తుడుచుకుని, తప్పు సరిచేద్దామని బల్ల దగ్గరికి వచ్చాడు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పేజీ ఇంకా తెరిచే ఉంది. కనెక్ట్ అయి ఉన్నవారు, ఇద్దరు అని చూపిస్తోంది. ఇంట్లో ఆయనొక్కడే ఉన్నాడు.