పది అంకెల పనికి ఆరు నిమిషాల ఏడుపు

ఎవరి చేతి మీదైనా బొటనవేలు ఆనించిందంటే చాలు, ఏడుపు సిస్టర్‌కు సొంత కష్టాలు గుర్తొచ్చేవి. ఆస్పత్రిలో ఆ నర్సుకు పెట్టిన పేరే అది. ఆవిడ పని పట్టీ అంటించడం. చొక్కా గుండీ అంత పట్టీ, అడుగున కంటికి ఆనని వంద సూదులు, ఆ సూదుల్లోనే మందు. పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కితే చర్మంలోనే కరిగిపోతాయి. సిస్టర్ మాత్రం ఒకటి నుంచి రెండుకు వచ్చేలోపు ఇల్లు కారేది, పన్ను ఊడేది, తోడికోడలు దెప్పేది.

"పది అంకెల పనికి ఆరు నిమిషాలా సిస్టర్?" అని తల పట్టుకునేది ఆ కొత్త పట్టీని పరీక్షిస్తున్న డాక్టరమ్మ.

"నా రాత అలాంటిదమ్మా. నిన్న మా కుక్క కూడా పక్కింటికి వెళ్ళిపోయింది."

డాక్టరమ్మకు నవ్వే ఓపిక లేదు. పరీక్షకు ఒప్పుకున్న ఇరవైమందిలో ఎనిమిదిమంది మానేశారు. కీళ్ళవాపు ఏళ్ళ తరబడి పీల్చి పిప్పి చేసిన మనుషులు, ఏ మందు మీదా నమ్మకం లేదు. ఇంకొక్కరు మానేస్తే పరీక్షే ఆగిపోతుంది. ఈ దిగులు చాలదన్నట్టు ఈవిడ ఏడుపొకటి! సిస్టర్‌ను వేరే వార్డుకు పంపించమని కాగితం రాసి పెట్టుకుంది.

ఆ రోజు బట్టలు కుట్టే ఆవిడ వచ్చి, వంకరపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇదే ఆఖరు డాక్టర్ గారూ. కత్తెర పట్టి ఏడాదైంది. ఈ వేళ్ళింక నావి కావు."

"ఆరు వారాలు ఓపిక పట్టండమ్మా" అని డాక్టరమ్మ ఎంత బతిమాలినా గోడకు చెప్పినట్టే అయింది.

సిస్టర్ పట్టీ పెట్టి నొక్కింది. "ఒకటి... మా ఆయన నాతో మాట్లాడి మూడు నెలలైందమ్మా."

"అయ్యో, ఎందుకని?"

"ఇస్త్రీ చేస్తూ చొక్కా కాల్చాను. సరిగ్గా గుండెల దగ్గర."

"ఓస్, ఇంతేనా! దాని మీద ఓ జేబు కుట్టెయ్, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు కుట్టు రాదే!"

"ఇలా చూడు" అంటూ ఆవిడ ఆ వంకర వేళ్ళతోనే గాలిలో కుట్టి చూపించింది.

మధ్యాహ్నం సిస్టర్‌కు క్యారేజీ తెచ్చిన మొగుడు, కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి తన మోకాళ్ళ దాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడి వెళ్ళాడు.

"ఈయనేనా నోరు విప్పనిది?" అంది డాక్టరమ్మ.

సిస్టర్ తల వంచుకుంది. "దిగులుపడ్డవాళ్ళకి మనం ధైర్యం చెప్తే ఒళ్ళు మండుతుందమ్మా. వాళ్ళ చేతే చెప్పించుకోవాలి."

"మరి ఆ కుక్క?"

"మాకు కుక్కెక్కడిది? అది మీ కోసం చెప్పాను. మీరే నవ్వలేదు."

డాక్టరమ్మ కాగితం చింపేసింది. అయినా బెంగ తీరలేదు. కుట్టే ఆవిడ ఆఖరనే చెప్పి వెళ్ళింది మరి.

వారం తిరిగేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "డాక్టర్ గారూ, ముందిది చెప్పండి. ఆ మొగుడు మాట్లాడాడా?"

సిస్టర్ ఇంకా రాలేదు. డాక్టరమ్మ ఓ క్షణం తటపటాయించి, పెద్దగా నిట్టూర్చింది. "ఎక్కడమ్మా! జేబు వంకరగా కుట్టిందట."

"నాకు తెలుసు! వచ్చే వారం ఆ చొక్కా పట్టుకు రమ్మనండి. దగ్గరుండి కుట్టిస్తాను."

ఆ సాయంత్రం సిస్టర్ ఇంట్లో ఓ మంచి చొక్కా కాలిపోయింది. మొగుడు వారం రోజులు దాని గురించే మాట్లాడాడు.