అమ్మవారి ముఖం మీది తెర

నంద్యాలలో వెబ్‌సైట్లు చేసి బతకడమంత తలనొప్పి ఇంకోటి లేదు. విత్తనాల షాపాయనకైనా, కల్యాణ మంటపం ఆయనకైనా నిన్నటికే కావాలి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే అన్న ఒక్కడే తొందరపెట్టలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాడు.

“అప్పా, కండ్లు తెరవని విగ్రహం మొగం ఎవురికీ సూపగూడదు. ఈడ బట్ట కప్పి పెడతాండాం గదా, నీ సైట్లో గూడా అట్లే కప్పాల.”

వాళ్లింట్లో అది తాతల నాటి కట్టుబాటు. విగ్రహానికి కళ్లు ఆఖరున, ముహూర్తం చూసి తెరుస్తారు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది బనగానపల్లె దగ్గర ఒక ఊరి అమ్మవారు. ఫోటో చెక్కుతుండగా తీసింది, అందులో బట్ట లేదు. ముఖం మీద తెర నేనే వేస్తానన్నాను. కళ్లు తెరిచిన రోజున అది దానంతటదే తొలగిపోవాలని నా గొప్ప.

రంగులూ తెరలూ దిద్దే స్టైలింగ్ లైబ్రరీని, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ని, తెచ్చి నా సైటుకు అతికించాను. నా ల్యాప్‌టాప్‌లో తెర చక్కగా పడింది. కానీ ఆ దరిద్రపు లైబ్రరీ, సైటు సర్వర్‌కెక్కే ముందు ఫైళ్లన్నీ వెతికి, ఎక్కడా పూర్తి పేరు కనిపించని స్టైళ్లను అక్కర్లేనివనుకుని పారేస్తుంది. నేనేమో విగ్రహం పూర్తయిందా లేదా అన్నదాన్ని బట్టి తెర స్టైలు పేరు అప్పటికప్పుడు ముక్కలు కలిసి తయారయ్యేలా రాశాను. ఇంకేముంది, తెర ఎగిరిపోయింది.

మర్నాడు అన్న ఫోను. “ఏందప్పా ఇది! తల్లి మొగం ఊరంతా సూస్తాండారు!”

పేరు పూర్తిగా రాస్తే సరిపోయింది. చేతిలో టీ చల్లారకముందే తెర పడింది. ఏం లాభం? ఊరి పెద్దలు అప్పటికే వద్దనేశారు. కండ్లు లేని తల్లిని చూసినాం, ఇంగ మా గుళ్లో పెట్టుకోం అన్నారట. వాళ్ల గర్భగుడి కొలతలకు చెక్కిన విగ్రహం అది. ఒక ఊరు కాదన్న దేవతను ఇంకో ఊరు తీసుకోదు.

ఆళ్లగడ్డ పోయాను. అన్న నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వేరే ఎక్కడైనా అడుగుదాం, ముందు అమ్మవారి కళ్లు తెరువన్నా అన్నాను.

ఆయన విగ్రహం వైపు చూడకుండానే అన్నాడు: “తెరిచి, ఎవురిని సూడమంటావప్పా ఆ తల్లిని?”