ఎడారికి నార్వే స్వెట్టర్

ఎండలు మండే దేశంలో స్వెట్టరెందుకని అడిగేవాళ్ళు జనవరిలో కువైట్‌లో జహ్రా ఊరు దాటి ఎడారిలో ఒక్క రాత్రి పడుకుని చూడాలి. కువైటీలకి ఆ చలి సరదా. చలికాలం రాగానే ఎడారిలో గుడారాలు వేసుకుని ఇంటిల్లిపాదీ వారాల తరబడి అక్కడే ఉంటారు. పనిమనిషీ వెంట వెళ్ళాలి. జహ్రాలో ఒక ఇంట్లో పనిచేసే మా ఆడబిడ్డకి ఆ యేడు మళ్ళీ ప్రయాణం వచ్చిపడింది.

నాకన్నా పదేళ్ళు చిన్నది. ఉబ్బసం మనిషి. కిందటి చలికాలం ఇలాగే వెళ్ళి, వంట గుడారంలో పడుకుని, పెదాలు నీలమెక్కితే ఆస్పత్రికి మోసుకొచ్చారు. ఈసారి బతికి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. మావారికి చెబితే, వీసా ఇచ్చిన కఫీల్‌తో గొడవ పెట్టుకుంటే అక్కడ ఉండనిచ్చే దాని ఇఖామా కాగితం పోతుంది, నువ్వు ఊరుకో అన్నారు. చెల్లెల్ని ఆయనకిచ్చి, నోరు మాత్రం నాకిచ్చాడు దేవుడు.

శుక్రవారం సంతలో, పాత బట్టల గుట్టలో దొరికింది ఆ స్వెట్టర్. నల్లటి ఉన్ని మీద బియ్యం చల్లినట్టు తెల్ల చుక్కలు. మెడకీ చేతుల అంచులకీ ఎర్రా పచ్చా దారాల కుట్టుపని. బొత్తాలకి బదులు వెండిలా మెరిసే తగరం కొక్కేలు. తడి బొంతంత బరువు. ఇది నార్వే ఇంజనీరు భార్యదనీ, ఆమెకి వాళ్ళమ్మ అల్లిందనీ ఆ బట్టలమ్మే పఠాన్ ముసలాయన హిందీలో చెప్పాడు. నిజమో, బేరం కోసం కట్టిన కథో. అంత మంచులో మనిషిని కాపాడిన బట్ట ఈ ఇసకలో కాపాడదా అనుకున్నాను. కొత్తిమీర కట్టకి కూడా కీచులాడేదాన్ని, అడిగినంతా ఇచ్చేశాను. ముసలాయనకే అనుమానం వచ్చినట్టుంది, నా మొహంలోకి రెండోసారి చూశాడు.

అట్నుంచటే జహ్రా బస్సెక్కాను. వెళ్ళేసరికి పికప్ మీదకి గుడారం గుంజలు ఎక్కిస్తున్నారు. ప్రయాణం రేపనుకుని వచ్చాను, కాదట, ఈ సాయంత్రమేనట. ముందు యజమానురాల్ని, పనివాళ్ళు మామా అని పిలిచే ఆవిడని పట్టుకున్నాను. వచ్చీరాని అరబ్బీలో, దీన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళండి, ఊపిరాడక పోతే జవాబెవరు చెబుతారని వాదించాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎడారి గాలి రొమ్ముకి మంచిది, నా పిల్లలూ అక్కడే పడుకుంటారుగా అని, నాకు టీ ఇప్పించింది. ఆ టీ పట్టుకొచ్చింది మా ఆడబిడ్డే.

దాన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి స్వెట్టర్ తొడిగాను. తొడల దాకా వచ్చింది. కొక్కేలు చూసుకుని నవ్వింది.

"ఏంటొదినా, నన్ను పెళ్ళికూతుర్ని చేత్తన్నావా?"

"వాగకుండా మెడదాకా పెట్టుకో."

కొక్కేలు సగం పెట్టానో లేదో, దగ్గు మొదలైంది. పాత ఉన్ని దుమ్ము, పెట్టెలో ఏళ్ళ తరబడి ఊరిన కలరా ఉండల ఘాటు. సంతలో నాకూ ఆ వాసనొచ్చింది, శుభ్రంగా దాచిన బట్టేలే అని సంతోషించాను కూడా. దాని రొమ్ములో పిల్లికూతలు లేచాయి. ఎంత లాగినా కొక్కేలు ఊడిరాలేదు. చివరికి తల మీంచి లాగేశాను. పొయ్యిగట్టు పట్టుకుని వంగి, ఒక్కో ఊపిరీ తవ్వి తీస్తున్నట్టు తీసింది. ఉతికితే రెండ్రోజులకి గానీ ఆరని ఉన్ని. బయట హారన్ మోగుతోంది.

నా ఒంటిమీదున్న పల్చటి స్వెట్టర్ విప్పి దానికి తొడిగాను.

"ఇది చాల్లే ఒదినా. అన్నయ్యకి చెప్పకు, కంగారు పడతాడు."

"పడనీ. ఒక్కసారైనా పడనీ."

యల్లా యల్లా అని మామా కేకేసింది. సామాన్ల మధ్య, పికప్ వెనక, నీళ్ళ డబ్బాకి ఆనుకుని కూర్చుంది మా పిల్ల. నాకు చెయ్యూపబోయి, దగ్గొచ్చి ఆ చేత్తోనే నోరు మూసుకుంది.

తిరుగు బస్సులో, ఒంటి మీద చీర తప్ప ఏమీ లేక, ఆ నార్వే స్వెట్టరే తొడుక్కున్నాను. కాసేపట్లో వీపున చెమట పట్టింది. కిటికీ అద్దం పూర్తిగా తీశాను. వెనక సీట్లోంచి ఎవరో మూయమని తిట్టారు. మూయలేదు. పికప్ మీద ఆ గాలి దాన్ని ఎంత కోస్తుందో తెలుసుకోవాలనిపించింది. మెడ బయటపెట్టి కూర్చున్నాను. ఎంతసేపటికీ చలి నా ఒంటికి తగల్లేదు.