వదిన మీద వేసిన నా జబ్బు

మా పక్కింటి వదిన పోయింది. నిన్నటికి పదకొండు రోజులు. పొద్దున్నే చాయ్ తాగి మళ్లీ నడుం వాల్చిందట, ఇక లేవలేదు. ఆమె గురించి అందరూ మంచి మాటలు చెప్తున్నారు. నేను మాత్రం ఒక చెడు చెప్పాలి. అది ఆమెది కాదు, నాది.

మణుగూరు పక్కన మా ఊళ్లో ఎవరికి కాన్పైనా పసిబిడ్డకు నీళ్లు పోయడానికి వదినే రావాలి. కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, "ఏడువు బిడ్డా, ఏడువు, ఊపిరి సాఫైతది" అనేది.

నాకేమో ఎప్పుడూ దడే. కొడుకు బొగ్గుబావి డ్యూటీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చేతులు చల్లబడేవి. ఇంటికి తాళం వేసి మళ్లీ మళ్లీ లాగి చూసేదాన్ని. "గుంజు మరదలా, ఇంకో నాలుగుసార్లు గుంజితే దొంగకు పని తప్పుతది" అని వదిన నవ్వేది. నాకు నిద్ర, తిండి పోయాక మాత్రం నవ్వలేదు. "జ్వరమొస్తె దవాఖానాకు పోతలేమా? గిది గూడ గంతే" అని నన్ను ఖమ్మం తీసుకెళ్లింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. ఎన్నాళ్ల నుంచి, ఎంత నిద్ర, చచ్చిపోవాలనిపిస్తుందా అని ఓపికగా అడిగింది. ఇది పిచ్చి కాదు, ఆందోళన జబ్బు అంది. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా మానొద్దు, మధ్యమధ్యన వచ్చి మాట్లాడి పోతుండు అంది.

బయటికి రాగానే మా ఊరావిడ ఎదురైంది. తలుపు మీది మానసిక వైద్యం బోర్డు చదివి, "ఎవరికే?" అంది. మనవరాలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. "వదినెకు. నేను తోడొచ్చిన" అన్నాను.

వదిన నా ముఖంలోకి చూసింది. "అవ్, నాకే" అంది.

ఆ తర్వాత ఊళ్లో ఒక్క తల్లీ వదిన కాళ్ల మీద బిడ్డను వేయలేదు. నా మనవరాలికి కొడుకు పుట్టినప్పుడు, వదిన కొంగు దోపుకుని మా వాకిట్లోకి వచ్చింది. "వద్దత్తమ్మా, ఆమెకు తల మంచిగలేదంట" అని కోడలు లోపల గొణిగింది. నేను నోరు తెరవలేదు. "నీళ్లు మరీ వేడి చెయ్యకుండ్రి" అని చెప్పి వదిన వెళ్లిపోయింది. అప్పటికి నేను ఆ మాత్రలతోనే బాగుపడి ఉన్నాను.

నిన్న పదకొండో రోజు భోజనాల దగ్గర ఆడవాళ్లందరి ముందు చెప్పాను. "జబ్బు వదినెకు గాదు, నాకు. గిప్పటికీ మందులు ఏసుకుంటున్న."

వదిన కొడుకు వడ్డిస్తూ, "మాకు ఎరికే అత్తమ్మా. చెప్తే నువ్వు పరేషానైతవని అమ్మ చెప్పనియ్యలె" అన్నాడు.

నా పక్కన కూర్చున్న బాలింత, ఒళ్లో ఉన్న పాపను మెల్లగా అటువైపు జరుపుకుంది. పాప పిడికిట్లో నా కొంగు మాత్రం అలాగే ఉండిపోయింది.