రెండో ముంత

పొద్దున నరసన్నపేటలో అమ్మమ్మ ఇంటి వరండాలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. మా వెబ్‌సైట్‌లో జనం ఏది వెతికినా చూపించే డేటాబేస్‌కు క్లౌడ్‌లో రెప్లికా, అంటే అచ్చం అలాంటిదే రెండో కాపీ, పెట్టాలి. ఒకటి పడిపోయినా రెండోది పనిచేస్తుందని అమ్మమ్మకు చెప్పాను. ఆవిడ విత్తనానికి దాచే ఆనప గింజలకు బూడిద పట్టిస్తూ అడిగింది.

"రెండోది ఎక్కడెట్టినావేటి?"

"మొదటిదాని పక్కనే."

"ఒకే అటక మీద రెండు ముంతలెడితే ఏటి లాభమే? ఇల్లు కూలితే రెండూ పోవా? నాను యేటా సగం గింజలు బొబ్బిలి సెల్లికి ఎందుకంపీదాన్ని? తుఫానొచ్చిన యేడు ఇత్తనం దానికాడ్నించే వచ్చినాది."

నిజమే, రెండింటికీ ఒకే డేటా సెంటర్ ఎంచాను. వెంటనే రెండోదాన్ని వేరే ఊరికి మార్చాను. టీమ్‌లో ఇంకా ఎవరూ చూడలేదు లెండి.

సాయంత్రం నేను బస్సుకు బయల్దేరుతుంటే, అమ్మమ్మ సగం గింజలు మూటకట్టి నా సంచిలో పెట్టింది. బొబ్బిలి చిన్నమ్మమ్మ పోయి ఆరు నెలలైంది.

"సెల్లి లేదు కదే. ఇంక నీకాడుంటాయి," అంది.

విశాఖలో నాది మూడో అంతస్తులో అద్దె గది, రెండడుగుల బాల్కనీ. కుండీలో ఆనపపాదు పెంచినవాళ్లుంటే దయచేసి చెప్పండి. ఈ రెండో కాపీని నేను పోగొట్టకూడదు.