నాలుగో వేలి పేరు

మొన్న మనవరాలి చెయ్యి నా అరచేతిలోకి తీసుకుంటే, అప్పుడే తిన్న నేతి అన్నం వాసన వేసింది. ఆ బుల్లి బొటనవేలు పట్టుకోగానే నా నోరు దానంతటదే "పెద్దయ్య" అంది. తర్వాత "తగువులమారి", "తాటిచెట్టు". నాలుగోదాన్ని దాటేసి, చివరికి "చిట్టెమ్మ". అది పైడమ్మ అత్త ఆట.

పైడమ్మ అత్త మాకు చుట్టం కాదు. ఈ హిందీ ఊళ్లో క్యాంప్ 2 అనే పేటలో మా నాన్న కిరాణా కొట్టు పక్కింటావిడ, విజయనగరం వైపు మనిషి. కొట్టు మెట్టు మీద నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నా వేళ్ల చేత కొట్లాడించేది. ఐదుగురికీ ఒకటే అరిసె. ఎవరికెంత? పెద్దయ్యే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తలకి తల తాకించి బతిమాలాలి. "మిగిలినోలు కదలరే. ఎల్లినోడిదే బేరం," అనేది. నా బట్టల కొట్లో నేనివాళ ఎంత మొండి గిరాకీనైనా దారికి తెస్తున్నానంటే, నా చదువంతా అదే.

నాలుగో వేలికి మాత్రం అందరికీ ఒకే పేరుండదు. మిగతా నాలుగూ పిల్ల తడుముకోకుండా చెప్పిన రోజున, ఆ పిల్ల గుణం చూసి ఒక పేరు చెవిలో చెప్పేది. నాన్న కొట్లో బెల్లం దొంగిలించి ఆ వేలే నాకేదాన్ని గనక నాది "బెల్లంముక్క".

నాకు కూతురు పుట్టాక వైశాలి నగర్లో మా ఇంటి దాకా నడిచొచ్చేది ముసలావిడ. పిల్ల మూడు పేర్లు నేర్చింది. బడిలో వేసే ముందు నేనే అడ్డుపడ్డాను.

"అత్తా, బడిలో హిందీ అడుగుతారు. ఈ ఆటేదో హిందీలో చెప్పరాదూ?"

"ఏలిని హిందీలో ఏటంటారో నాకేటి తెలుసమ్మా?" అని నవ్వింది. పిల్ల గుప్పిట మూసి, దాని ఒళ్లోనే పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. పెద్దయ్యలా నేనే వెళ్లి బతిమాలాల్సింది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటుండగానే ఆవిడ పోయిందని కబురొచ్చింది.

ఆ వేలెందుకు దాటేశావని మొన్న మా అమ్మాయి అడిగితే, చెవిలో పేరు చెప్పే సంగతి మాత్రం చెప్పాను. వెంటనే తన చెయ్యి చాపింది.

"మమ్మీ, మరి నాకేం పేరు పెట్టింది?"

"బెల్లంముక్క," అన్నాను రెప్ప వాల్చకుండా.

"అరే, నాకసలు బెల్లం పడదు కదా!"

"చిన్నప్పుడు తెగ నాకేదానివి."

వాడిన సరుకుని కొత్తదని అంటగట్టడం నాకేం కొత్త కాదు. నమ్మేసింది. ఆ వేలు ఎత్తి తన కూతురికి చూపించుకుని మురిసిపోయింది.

నా వేలికిప్పుడు పేరు లేదు. కొట్లో గిరాకీ లేనప్పుడు పెద్దయ్యని దాని దగ్గరికి పంపిస్తున్నాను, తలకి తల తాకించి బతిమాలమని.